అమెరికాలో అన్‌ఎంప్లాయ్‌మెంట్ తీసుకున్నాను, టాక్స్ క్రెడిట్లు క్లెయిమ్ చేసేటప్పుడు దాన్ని ఆదాయంగా చూపించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. వర్జీనియాలో ఉంటున్నారు, భార్యాభర్తలిద్దరికీ గ్రీన్ కార్డు, ఇద్దరు పిల్లలు. 2025 ఏప్రిల్ చివర్లో జాబ్ పోయింది, తర్వాత 26 వారాలు వారానికి 378 డాలర్ల చొప్పున అన్‌ఎంప్లాయ్‌మెంట్ (జాబ్ పోయినవాళ్ళకి స్టేట్ ఇచ్చే భృతి) తీసుకున్నారు. మే నుంచి మార్కెట్‌ప్లేస్‌లో (హెల్త్ ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ వెబ్‌సైట్) సబ్సిడీతో ఇన్సూరెన్స్ తీసుకున్నారు, దానికి వేసిన అంచనాలో ఈ డబ్బు లెక్కపెట్టలేదు. ఇప్పుడు రిటర్న్ వేద్దామంటే ఫ్రెండ్ ఒకాయన "అన్‌ఎంప్లాయ్‌మెంట్ మీద టాక్స్ లేదు, అది చూపించక్కర్లేదు, చూపిస్తే క్రెడిట్లు పోతాయి" అన్నారు. నిజమా అని అడిగారు.

చూపించాలండీ, మొత్తం చూపించాలి. ఫెడరల్ రిటర్న్‌లో అది పూర్తిగా టాక్సబుల్ ఇన్‌కమ్. ఇన్సూరెన్స్ సబ్సిడీ లెక్కలోకీ వస్తుంది, ఆ సబ్సిడీ కూడా ఒక టాక్స్ క్రెడిటే. అయితే చూపిస్తే క్రెడిట్లన్నీ (కట్టాల్సిన టాక్స్‌లోంచి తగ్గించే మొత్తాలు) పోతాయన్న భయం మాత్రం అక్కర్లేదు, ఎందుకంటే ఒక్కో క్రెడిట్ ఈ డబ్బుని ఒక్కోలా చూస్తుంది. నా దగ్గరకొచ్చేవాళ్ళకి నేను తెలుగులో ఒక్క ముక్కలో చెప్తాను, అన్‌ఎంప్లాయ్‌మెంట్ ఆదాయమే, కానీ సంపాదన కాదు. ఆదాయం ఎంత అని అడిగే క్రెడిట్‌కి ఇది కలుస్తుంది, పని చేసి సంపాదించింది ఎంత అని అడిగే క్రెడిట్‌కి ఇది కలవదు. ఇది పట్టుకుంటే మిగతాదంతా దానంతటదే తెలుస్తుంది.

నేను ఎన్రోల్డ్ ఏజెంట్‌ని (ఐఆర్ఎస్, అంటే ఫెడరల్ టాక్స్ శాఖ, గుర్తింపు ఉన్న టాక్స్ నిపుణురాలిని), పదమూడేళ్ళ నుంచి ఇక్కడి చుట్టుపక్కల మనవాళ్ళ రిటర్నులు చేస్తున్నాను. అంతకుముందు నేనూ ఐటీలోనే ఉండేదాన్ని, 2009లో నా జాబ్ పోయింది, అప్పుడు నేను కూడా ఈ డబ్బు మీదే ఇల్లు నడిపాను, కాబట్టి ఆ టైంలో ఒక్కో వంద డాలర్లకి ఎంత విలువ ఉంటుందో నాకు బాగా తెలుసు. ఆ ఏడాది మొదటి 2,400 డాలర్లకి టాక్స్ లేకుండా ప్రత్యేకంగా ఒక మినహాయింపు ఇచ్చారు, తర్వాత ఏడాది కూడా ఉంటుందనుకుని నేను ఏమీ పక్కన పెట్టుకోలేదు, 2010కి అది లేదు, ఏప్రిల్‌లో చేతిలో డబ్బు లేనప్పుడు కట్టాల్సొచ్చింది. మీ ఫ్రెండ్ కూడా అబద్ధం చెప్పారనుకోవడంలేదు నేను, ఎప్పుడో ఎక్కడో నిజమైన మాటనే ఇప్పటికీ నిజమనుకుంటున్నారు అంతే.

అసలు ఈ మాట మూడు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి, 2020కి ఆదాయం లక్షా యాభై వేల లోపు ఉన్నవాళ్ళకి ఒక్కొక్కరికి 10,200 డాలర్ల దాకా అన్‌ఎంప్లాయ్‌మెంట్ మీద ఫెడరల్ టాక్స్ తీసేశారు, కరోనా కాబట్టి, ఆ ఒక్క ఏడాదికే. రెండు, 2021లో ఒక్క వారం అన్‌ఎంప్లాయ్‌మెంట్ వచ్చినా చాలు, ఇన్సూరెన్స్ సబ్సిడీ లెక్కకి ఆదాయం పేదరిక రేఖకి 133 శాతమే ఉన్నట్టు చూశారు, దాంతో చాలామందికి ప్రీమియం దాదాపు సున్నా అయిపోయింది, అదీ ఆ ఒక్క ఏడాదికే. మూడోది మీకు నేరుగా సంబంధించింది, వర్జీనియా ప్రభుత్వం తన స్టేట్ టాక్స్‌లో అన్‌ఎంప్లాయ్‌మెంట్‌ని వదిలేస్తుంది. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా కూడా అంతే. "మా స్టేట్‌లో టాక్స్ లేదు" అన్న మాట నోటా నోటా మారి "టాక్స్ లేదు" అయిపోతుంది. వర్జీనియా రిటర్న్ ఫెడరల్ ఏజీఐతోనే (ఫెడరల్ రిటర్న్‌లో సర్దుబాట్లు పోగా తేలిన ఆదాయం) మొదలవుతుంది, అక్కడ నుంచి ఈ డబ్బుని తీసేసుకుంటారు, అంటే స్టేట్‌లో తీసెయ్యాలన్నా ముందు ఫెడరల్‌లో అది ఉండాలి కదా.

ఇప్పుడు మీ లెక్కే వేసి చూద్దాం. మీరు ఇచ్చిన అంకెల ప్రకారం జీతం, సెవరెన్స్ (జాబ్ తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు) కలిపి మీ డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే జీతం ఫారం) మీద 41,000, మీ మిసెస్‌ది 50,000, ఆవిడ పనిచేసేచోట ఇన్సూరెన్స్ లేదు. (సెవరెన్స్, మిగిలిన సెలవులకి ఇచ్చిన డబ్బు జీతం కిందకే వస్తాయి, అన్‌ఎంప్లాయ్‌మెంట్‌తో కలిపెయ్యకండి.) 26 వారాలు ఇంటూ 378 అంటే 9,828. మొత్తం 1,00,828. నలుగురి కుటుంబానికి 2025 సబ్సిడీ లెక్కలో వాడే పేదరిక రేఖ 31,200, దాని మీద మీ ఆదాయం 323 శాతం. ఆ శాతం దగ్గర మీరు ఆదాయంలో సుమారు 6.58 శాతం ప్రీమియం కింద సొంతంగా పెట్టుకోవాలి, ఏడాదికి 6,634, నెలకి 553 డాలర్లు. మార్కెట్‌ప్లేస్‌కి మీరు చెప్పింది 91,000 కాబట్టి వాళ్ళు 291 శాతం, 5.64 శాతం లెక్కన నెలకి 428 మాత్రమే మీ వంతు అనుకున్నారు. తేడా నెలకి 125, మే నుంచి డిసెంబర్ దాకా ఎనిమిది నెలలకి 1,000 డాలర్లు మీకు ఎక్కువ సబ్సిడీ వెళ్ళింది. అది ఫారం 8962లో (రిటర్న్‌తో పాటు సబ్సిడీ లెక్క సరిచూసే ఫారం) బయటపడుతుంది, తిరిగి కట్టాలి.

దీనికి తోడు 9,828 మీద మామూలు ఇన్‌కమ్ టాక్స్, మీరు 12 శాతం బ్రాకెట్‌లో ఉన్నారు కాబట్టి 1,179. ఇది వినగానే మనసు చివుక్కుమంటుంది, నాకు తెలుసు. కానీ దాచితే ఈ రెండూ పోవు, రెండూ వాయిదా పడతాయి, పెనాల్టీ, వడ్డీతో కలిసి వస్తాయి. స్టేట్ ఆఫీసు మీకు పంపిన 1099-జి (ఏడాదిలో ఎంత అన్‌ఎంప్లాయ్‌మెంట్ ఇచ్చారో చూపే ఫారం) కాపీనే ఐఆర్ఎస్‌కీ పంపుతుంది, వాళ్ళ కంప్యూటర్ మీ రిటర్న్‌తో పోల్చుకుంటుంది, తేడా ఉంటే సీపీ2000 అనే లెటర్ వస్తుంది. అది రావడానికి ఏడాది పైన పట్టొచ్చు, ఆ లోపు మనం ఏమీ కాలేదులే అనుకుంటాం, ఆ ఏడాదంతా వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

పిల్లల సంగతి చెప్తాను, ఇక్కడ మీకు మంచి వార్తే. చైల్డ్ టాక్స్ క్రెడిట్ మీకు పైసా తగ్గదు. 2025కి పిల్లకి 2,200 చొప్పున ఇద్దరికి 4,400, జాయింట్‌గా వేసేవాళ్ళకి ఆదాయం నాలుగు లక్షలు దాటితేనే తగ్గడం మొదలవుతుంది. స్టాండర్డ్ డిడక్షన్ 31,500 పోగా మీ టాక్స్ 7,842 దాకా వస్తుంది, అందులోంచి 4,400 పూర్తిగా తగ్గిపోతుంది. డే కేర్ ఫీజు కడుతుంటే దాని క్రెడిట్ కూడా చూసుకోండి, దానికి భార్యాభర్తలిద్దరికీ పని చేసి వచ్చిన సంపాదన ఉండాలి, మీకు జనవరి నుంచి ఏప్రిల్ దాకా జీతం ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. ఒకరికి ఏడాదంతా అన్‌ఎంప్లాయ్‌మెంట్ తప్ప జీతమే లేకపోతే మాత్రం మామూలుగా ఆ క్రెడిట్ సున్నా, ఇది చాలామంది చూసుకోరు. ఈఐటీసీ (పని చేసినా సంపాదన తక్కువున్నవాళ్ళకిచ్చే క్రెడిట్) మీకు ఎలాగూ రాదు, ఇద్దరు పిల్లలతో జాయింట్‌గా వేసేవాళ్ళకి 2025 హద్దు 64,430.

ఈఐటీసీ మీకు రాకపోయినా ఇది చదివే వేరేవాళ్ళకి పనికొస్తుందని ఒక కేసు చెప్తాను, ఎందుకంటే అక్కడ తప్పు సరిగ్గా ఎదురు దిక్కులో జరుగుతుంది. ఈ సీజన్లోనే ఒకమ్మాయి వచ్చింది, ఇద్దరు చిన్నపిల్లలు, ఒంటరిగా పెంచుకుంటోంది. ఏడాదిలో జీతం 9,000, అన్‌ఎంప్లాయ్‌మెంట్ ఇంకో 9,000. తెలిసినవాళ్ళెవరో రెండూ కలిపి 18,000 జీతం లైన్‌లో పెట్టమన్నారట, రీఫండ్ పెరుగుతుందని. నిజంగానే స్క్రీన్ మీద ఈఐటీసీ 7,152 చూపించిందట. అసలు లెక్కలో ఆమె సంపాదన 9,000 మాత్రమే, దానిమీద ఈఐటీసీ సుమారు 3,600. చైల్డ్ టాక్స్ క్రెడిట్‌లో చేతికొచ్చే భాగం కూడా 2,500 దాటిన సంపాదన మీద 15 శాతమే కాబట్టి 975, ఆ తప్పుడు లెక్కలో అది 2,325 చూపిస్తుంది. అంటే దాదాపు ఐదు వేల డాలర్ల తేడా. ఆ అమ్మాయి అద్దె రెండు నెలలది బాకీ ఉంది, ఆ స్క్రీన్ మీద నంబర్ చూసుకుని ఇంటి ఓనర్‌కి మాట కూడా ఇచ్చేసింది. నేను సరిచేసిన లెక్క చూపించినప్పుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కానీ అలాగే పంపించి ఉంటే, నిర్లక్ష్యంగా క్లెయిమ్ చేశారని తేలితే రెండేళ్ళు, మోసమని తేలితే పదేళ్ళు ఈఐటీసీ అడగడానికే ఉండదు, చిన్నపిల్లలున్న తల్లికి అది ఎంత నష్టం. ఇంకో విషయం, ఆమె మొత్తం ఆదాయం 18,000 స్టాండర్డ్ డిడక్షన్ కంటే తక్కువ కాబట్టి అన్‌ఎంప్లాయ్‌మెంట్ సరైన లైన్‌లో చూపించినందువల్ల ఆమెకి ఒక్క డాలర్ టాక్స్ కూడా పడలేదు, ఆ 3,600లో కూడా ఏమీ తగ్గలేదు. దాచడం ఎంత తప్పో, జీతంలో కలిపెయ్యడం కూడా అంతే తప్పు. ఫెడరల్ రిటర్న్‌కి జతచేసే షెడ్యూల్ 1లో లైన్ 7 అన్‌ఎంప్లాయ్‌మెంట్ కోసమే ఉంది, అక్కడ వెయ్యండి.

అంకె వేసేటప్పుడు మనవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి పడిన డబ్బంతా కూడి వేస్తారు. మీరు 10 శాతం టాక్స్ కట్ చెయ్యమని టిక్ పెట్టానన్నారు కదా, అంటే 378లో 37.80 పోయి మీ అకౌంట్‌లో 340.20 పడి ఉంటుంది. 26 వారాలు కూడితే 8,845.20 వస్తుంది, కానీ 1099-జిలో బాక్స్ 1లో 9,828 ఉంటుంది, బాక్స్ 4లో కట్ అయిన 982.80. బాక్స్ 1 నంబరే ఆదాయం, బాక్స్ 4 నంబరు ముందే కట్టిన టాక్స్‌గా మీకు కలుస్తుంది, రెండూ విడివిడిగా వెయ్యాలి. అలా కట్ అవడం వల్ల పైన చెప్పిన 1,179లో మీకు 196 మాత్రమే మిగిలింది, మంచి పని చేశారు. ఆ టిక్ పెట్టనివాళ్ళు ఏప్రిల్‌లో ఒక్కసారే కట్టలేక పడే అవస్థ ప్రతి ఏడూ చూస్తున్నాను. ఇప్పుడు అన్‌ఎంప్లాయ్‌మెంట్ తీసుకుంటున్నవాళ్ళెవరైనా ఉంటే స్టేట్ పోర్టల్‌లో గానీ డబ్ల్యూ-4వి ఫారంతో గానీ ఇవాళే పెట్టుకోండి.

1099-జి పోస్టులో రాలేదు కాబట్టి చూపించక్కర్లేదనుకోవద్దు, చాలా రాష్ట్రాలు దాన్ని పోర్టల్‌లో పెట్టి ఊరుకుంటాయి, లాగిన్ అయి మనమే దించుకోవాలి. ఇంకోటి, ఏ ఏడాది చేతికొస్తే ఆ ఏడాది ఆదాయం. డిసెంబర్ ఆఖరి వారానిది జనవరిలో పడితే అది 2026 లెక్క. అసలు అప్లై చెయ్యనేలేదు, అయినా నా పేరు మీద 1099-జి వచ్చింది అంటే అది ఎవరో మీ పేరు వాడుకున్నట్టు, అలాంటప్పుడు ఆ అంకె వెయ్యొద్దు, వెంటనే స్టేట్‌కి ఫ్రాడ్ రిపోర్ట్ పెట్టి సరిచేసిన ఫారం అడగాలి, అది వచ్చేదాకా రిటర్న్ ఆపక్కర్లేదు.

సబ్సిడీ విషయంలో మీరు అడగని మాట ఒకటి చెప్పాలి, ఎందుకంటే తెలుగువాళ్ళ రిటర్నుల్లో నేను మళ్ళీ మళ్ళీ చూసేది ఇదే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బ్యాంకులో ఎన్ఆర్ఈ ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటుంది, ఇండియాలో దాని వడ్డీ మీద టాక్స్ లేదు కాబట్టి ఇక్కడ కూడా లేదనుకుంటారు. అమెరికాలో అది టాక్సబులే, సబ్సిడీ లెక్కలోని ఆదాయంలోకీ వస్తుంది. పన్నెండు లక్షల డిపాజిట్ ఏడు శాతానికి ఉంటే ఏడాదికి 84,000 రూపాయలు, అంటే వెయ్యి డాలర్లకి దగ్గర. జాబ్ పోయిన ఏడాది ఆ డిపాజిట్ మీదే ధైర్యంగా ఉంటాం, తప్పేం లేదు, కానీ మార్కెట్‌ప్లేస్‌కి ఆదాయం చెప్పేటప్పుడు అన్‌ఎంప్లాయ్‌మెంట్‌తో పాటు అదీ కలపాలి.

2026లో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. 2025 దాకా, ఆదాయం పేదరిక రేఖకి నాలుగు రెట్ల లోపు ఉన్నవాళ్ళు ఎక్కువ సబ్సిడీ తీసుకున్నా తిరిగి కట్టేదానికి ఒక హద్దు ఉండేది, మీ స్థాయిలో జాయింట్ రిటర్న్‌కి 3,250, అందుకే మీ 1,000 మొత్తం కట్టాల్సిందే గానీ అంతకు మించి భయం లేదు. 2025 జూలైలో వచ్చిన చట్టంతో 2026 నుంచి ఆ హద్దు తీసేశారు, ఎంత ఎక్కువ తీసుకుంటే అంతా తిరిగి కట్టాలి. పైగా కరోనా టైంలో పెంచిన సబ్సిడీ 2025తో అయిపోయింది, అందువల్ల నలుగురి కుటుంబానికి ఆదాయం 1,28,600 దాటితే 2026కి సబ్సిడీ అసలు లేదు. లక్షా ఇరవై ఏడు వేలు వస్తుందని అంచనా చెప్పి, మధ్యలో జాబ్ పోయి వచ్చిన ఒక నాలుగు వేల అన్‌ఎంప్లాయ్‌మెంట్‌ని అందులో కలపక, మొత్తం ఆదాయం ఆ 1,28,600 దాటిపోయిందనుకోండి, ఏడాదంతా వచ్చిన సబ్సిడీ వెనక్కి కట్టాలి. జాబ్ పోయినవాళ్ళకి ఇలా జరగడం నాకు నిజంగా బాధగా ఉంది, కానీ చట్టం అలా ఉంది, కాబట్టి ముందే చూసుకోవాలి.

చూసుకోవడం అంటే ఏంటంటే, జాబ్ పోయినా వచ్చినా, అన్‌ఎంప్లాయ్‌మెంట్ మొదలైనా ఆగిపోయినా, 30 రోజుల్లో మార్కెట్‌ప్లేస్ అకౌంట్‌లోకెళ్ళి ఆదాయం మార్చండి. పది నిమిషాల పని. ప్రీమియం నెలకి వందో నూట యాభయ్యో పెరుగుతుంది, కానీ ఏప్రిల్‌లో ఒక్కసారి పడదు. హద్దుకి దగ్గరగా ఉన్నవాళ్ళు ఆదాయం తగ్గించుకోవడానికి ట్రెడిషనల్ ఐఆర్ఏ (రిటైర్మెంట్ పొదుపు ఖాతా), హెచ్ఎస్ఏ (వైద్య ఖర్చుల పొదుపు ఖాతా) చూడొచ్చు, 2026కి కుటుంబ హెచ్ఎస్ఏ హద్దు 8,750, మార్కెట్‌ప్లేస్‌లో బ్రాంజ్ (ప్రీమియం తక్కువగా ఉండే) ప్లాన్లన్నిటికీ 2026 నుంచి హెచ్ఎస్ఏ పెట్టుకోవచ్చు. ఐఆర్ఏకి మాత్రం ఇంట్లో ఎవరికో ఒకరికి జీతం ఉండాలి, అన్‌ఎంప్లాయ్‌మెంట్ డబ్బు చూపించి ఐఆర్ఏ కట్టడానికి కుదరదు. సంపాదన కాదన్న మాట ఇక్కడ కూడా వర్తిస్తుంది.

వీసా మీద ఉన్నవాళ్ళ కోసం రెండు మాటలు. హెచ్‌1బీ మీద జాబ్ పోతే సాధారణంగా అన్‌ఎంప్లాయ్‌మెంట్ రాదు, ఎందుకంటే ఏ కంపెనీ పిలిచినా వెంటనే చేరగలిగేలా ఉండాలన్నది షరతు, హెచ్‌1బీకి ఆ స్వేచ్ఛ లేదు. ఈఏడీ (వర్క్ పర్మిట్ కార్డు) ఉన్నవాళ్ళకి వచ్చే అవకాశం ఉంది, వస్తే పైన చెప్పిందంతా వాళ్ళకీ వర్తిస్తుంది. ఇన్సూరెన్స్ సబ్సిడీ హెచ్‌1బీ, హెచ్‌4 కుటుంబాలకి 2026 దాకానే, 2027 జనవరి నుంచి పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ లేకపోతే దాదాపు ఎవరికీ ఉండదు, ఇది ఇప్పుడే ప్లాన్ చేసుకోండి. భార్యకో భర్తకో సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకుండా ఐటిన్ (ఆ నంబర్ రానివాళ్ళకి ఐఆర్ఎస్ ఇచ్చే టాక్స్ నంబర్) ఉంటే జాయింట్ రిటర్న్ మీద ఈఐటీసీ రాదు, ఆదాయం ఎంత తక్కువున్నా.

ఆఖరుగా మీరు కామెంట్‌లో అడిగింది, ఆ ఫ్రెండ్ తన రిటర్న్ ఆల్రెడీ ఈ డబ్బు లేకుండా పంపేశారని. ఆయన్ని కంగారు పడొద్దనండి. ముందు పంపిన రిటర్న్ రీఫండ్ వచ్చేదాకా ఆగి, తర్వాత 1040-ఎక్స్ (సవరించిన రిటర్న్) వెయ్యాలి, అందులో 1099-జి కలపాలి, సబ్సిడీ తీసుకుని ఉంటే 8962 కూడా మళ్ళీ లెక్కవెయ్యాలి. ఐఆర్ఎస్ లెటర్ రాకముందే మనంతట మనం సరిచేస్తే మామూలుగా తేడా డబ్బు, దాని మీద కొంచెం వడ్డీతో అయిపోతుంది. నా దగ్గరకి అలా వచ్చిన ఒక పెద్దాయన, స్టేట్ వాళ్ళు పొరపాటున ఎక్కువ ఇచ్చారని అదే ఏడాది 1,500 తిరిగి కట్టేశారు కూడా, ఆ రసీదు పారేశారు, 1099-జిలో మాత్రం మొత్తం అంకె అలాగే ఉంది. పోర్టల్‌లో పేమెంట్ హిస్టరీ ప్రింట్ తీసి పెట్టుకుని ఆ 1,500 తీసేసి వేశాం. కాబట్టి మీరు కూడా రిటర్న్ వేసే ముందు మూడు కాగితాలు పక్కన పెట్టుకోండి, 1099-జి, మార్కెట్‌ప్లేస్ వాళ్ళ 1095-ఏ (నెలనెలా ప్రీమియం, సబ్సిడీ చూపే ఫారం), స్టేట్ పోర్టల్‌లోని పేమెంట్ హిస్టరీ. 1095-ఏలో మే నుంచి డిసెంబర్ దాకా మూడు కాలమ్స్ నిండి ఉన్నాయో లేదో చూడండి, మధ్యలో ఉన్న కాలమ్ సున్నాగా గానీ ఖాళీగా గానీ ఉంటే అది వాళ్ళ తప్పు, రిటర్న్ పంపకముందే ఫోన్ చేసి సరైనది తెప్పించుకోండి. అంకెలు తేడాగా కనిపిస్తే ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.